బరువు పడితే ఇసుక రాయైపోతుందా? నాకు నమ్మకం కుదరట్లేదు

చిన్నడౌటు
అవక్షేప శిలల గురించి పుస్తకంలో రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకుంటారు. నదులు ఇసుకా బురదా మోసుకొచ్చి పొరలుపొరలుగా పరుస్తాయి, పై పొరల బరువుకి కింది పొరలు నలిగి కోట్ల ఏళ్లకు రాయవుతాయి. అంతే. నాకు ఇక్కడే పేచీ. ఇసుకని మూటగట్టి దాని మీద ఎంత బరువైనా పెట్టండి, మూట విప్పితే జారిపోయేది ఇసుకే. గింజకీ గింజకీ అంటుకోదు. మరి నిలువెత్తు ఇసుకరాతి కొండని పట్టి ఉంచేది ఏంటి? దయచేసి "కాలం" అని చెప్పకండి. ఆ కాలంలో ఏం జరుగుతుందో చెప్పండి.

గులకరాయి
పేచీ ఎందుకు? 3 కి.మీ. లోతున ఉండే బరువూ నీ మూట మీద పెట్టే బరువూ ఒకటేనా? పుస్తకం రాసింది కరెక్టే. బరువే.

అర్ధరాత్రి_చదువరి
నేను స్కూల్లో అడిగితే "పరీక్షకి అంతవరకు చాలు" అన్నారు. కాబట్టి ఈ థ్రెడ్ ఫాలో అవుతున్నా.

సుత్తిమాస్టారు
బరువుకి పాత్ర లేదనను. కానీ ఇసుక మీద అది చేసే పని వేరు, బురద మీద చేసే పని వేరు. పుస్తకాలు రెండిటినీ ఒకే గాటన కట్టేయడంతో వచ్చిన తికమక ఇది.

ముందు ఇసుక సంగతి. అప్పుడే పేరుకున్న ఇసుకలో దాదాపు 40 శాతం ఖాళీయే, ఆ ఖాళీ నిండా నీళ్లు. బరువు పడేకొద్దీ గింజలు కాస్త సర్దుకుని దగ్గరవుతాయి. ఖాళీ కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇసుకలో ఎక్కువగా ఉండేవి క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజపు గింజలు, అవి గట్టివి కాబట్టి ఒకదాని మీద ఒకటి ఆని బరువంతా మోసేస్తాయి. కథ అక్కడితో ఆగితే చిన్నడౌటు అన్నట్టు అది ఎప్పటికీ ఇసుకే. అసలు పని చేసేవి ఆ ఖాళీల్లో మెల్లగా కదిలే నీళ్లు. వాటిలో సిలికానో, కాల్షియం కార్బొనేటో, ఇనుమో కరిగి ఉంటుంది. వేడి మారినా, నీటి రసాయనం మారినా అది గింజల చుట్టూ స్ఫటికంగా పేరుకుంటుంది. మేం దాన్ని సిమెంటు అంటాం. సిలికా పట్టిన రాయి సుత్తి దెబ్బకి ఖంగుమంటుంది. కాల్సైట్, అంటే కాల్షియం కార్బొనేటు స్ఫటికం, పట్టిన రాయి మీద ఆమ్లం చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. ఎర్ర ఇసుకరాళ్లకి ఆ రంగు ఇచ్చేది గింజల మీద పూసుకున్న ఇనుప ఆక్సైడు.

బురదకి వద్దాం. బంకమట్టి రేణువులు రేకుల్లా ఉంటాయి, సైజు మిల్లీమీటరులో 256వ వంతు కన్నా తక్కువ. మొదట పడ్డప్పుడు అడ్డదిడ్డంగా విసిరేసిన పేకముక్కల్లా ఉంటాయి, మధ్యలో 70, 80 శాతం దాకా నీళ్లే. ఇక్కడ మాత్రం బరువు నిజంగా ప్రతాపం చూపిస్తుంది. నీళ్లని పిండేసి రేకులన్నిటినీ పడుకోబెడుతుంది. బురద గట్టిపడితే వచ్చే షేల్ అనే రాయి పలచటి పలకలుగా ఊడి రావడానికి ముఖ్య కారణం అదే.

చిన్నడౌటు
మాస్టారూ, ఇది కదా నేను అడిగింది. అంటే ఇసుకరాయిలో రాయి అనదగ్గది గింజల కన్నా మధ్యలో పట్టిన సిమెంటే అన్నమాట.

గులకరాయి
ఆగండాగండి. ఆ సిలికా ఎక్కడి నుంచి వచ్చింది? గింజలు ఒకదానికొకటి ఒత్తుకునే చోట క్వార్ట్జ్ కరిగి, ఒత్తిడి లేని పక్కకి వెళ్లి పేరుకుంటుంది. ఆ కరిగించేది ఎవరు? మళ్లీ బరువే!

సుత్తిమాస్టారు
నిజమే, అదొక దారి. నేను కాదనలేదు. కానీ అక్కడ కూడా నీళ్లు లేకపోతే కరిగింది ఎక్కడికీ కదలదు. పొడిగా ఎంత నొక్కినా గింజలు పగిలి పిండవుతాయి తప్ప రాయి కావు.

కోర్‌బాక్స్
డ్రిల్లింగ్‌లో తీసిన రాతి కడ్డీలని కోసి చూడటమే నా ఉద్యోగం. రాయిని 0.03 మి.మీ. మందానికి అరగదీసి గాజు పలకకి అతికించి మైక్రోస్కోపు కింద పెడతాం. అంత పలచనైతే క్వార్ట్జ్ గుండా వెలుతురు హాయిగా వెళ్లిపోతుంది.

సిలికా పట్టిన ఇసుకరాయిని అలా చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. గింజలన్నీ కోణాలతో, ఒకదాని అంచు ఇంకోదాని అంచుకి అచ్చంగా అమరి ఉంటాయి. చూడగానే ఇది నదిలో దొర్లిన ఇసుకేనా అనిపిస్తుంది. ఫోకస్ కాస్త అటూ ఇటూ తిప్పితే ఒక్కో గింజ లోపల గుండ్రంగా ఒక మసక గీత తేలుతుంది. ఆ గీతే అసలు గింజ అంచు. దొర్లి దొర్లి నునుపైనప్పుడు దాని ఒంటికి అంటుకున్న దుమ్ము అది. గీతకి బయట ఉన్నదంతా భూమి లోపల కొత్తగా పెరిగిన క్వార్ట్జ్. పాత గింజ స్ఫటికం ఏ దిక్కున ఉందో కొత్తదీ అదే దిక్కున పెరుగుతుంది. అందుకే పోలరైజ్డ్ వెలుతురులో పలకని తిప్పితే పాతదీ కొత్తదీ ఒకేసారి నల్లబడతాయి. ఆ దుమ్ము గీత లేకపోతే రెండింటినీ వేరుచేయడం నా వల్ల కాదు.

గులకరాయి గారి పక్షాన ఒక మాట. ఈ క్వార్ట్జ్ పెరుగుదల చెప్పుకోదగ్గట్టు జరగాలంటే 70, 80 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. భూమిలో కిలోమీటరుకి 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి 2, 3 కి.మీ. లోతుకి దిగాలి.

గులకరాయి
చూశారా! లోతే కదా చివరికి.

కోర్‌బాక్స్
లోతే. కానీ అక్కడ దొరికే వేడి కోసం :)

ఓపికలేనోడు
మీరు ఇద్దరూ ఒకే మాట అంటూ కొట్టుకుంటున్నారు.

లాజిక్‌లత
కాలం గడిస్తే అదే గట్టిపడుతుంది అనేవాళ్ల కోసం మూడు ఉదాహరణలు ఇస్తా, తర్వాత మీ ఇష్టం.

ఒకటి, ఎస్టోనియాలోనూ సెయింట్ పీటర్స్‌బర్గ్ పరిసరాల్లోనూ ఉన్న కేంబ్రియన్ నీలి బంకమట్టి. వయసు 50 కోట్ల ఏళ్ల పైమాటే. ఇప్పటికీ చేత్తో పిసికి బొమ్మలు చేయొచ్చు. ఎప్పుడూ లోతుగా పూడలేదు, వేడి తగల్లేదు.

రెండు, అమెరికా మధ్య రాష్ట్రాల్లోని సెయింట్ పీటర్ ఇసుకరాయి. 45 కోట్ల ఏళ్ల పైబడ్డది. చాలా చోట్ల గోటితో గీకితే రాలిపోతుంది. దాదాపు స్వచ్ఛమైన క్వార్ట్జ్ కావడంతో గాజు తయారీకి తవ్వుకుంటారు. సిమెంటు సరిగ్గా పట్టలేదు, అంతే.

మూడోది నాకు భలే ఇష్టం. మాస్కో చుట్టుపక్కల బొగ్గు కార్బోనిఫెరస్ యుగానిది, 30 కోట్ల ఏళ్ల కన్నా పాతది. ఇంకా లిగ్నైట్ (మెత్తటి గోధుమ రంగు బొగ్గు) దశలోనే ఉండిపోయింది. అదే యుగపు బొగ్గు దోనెత్స్క్ బేసిన్‌లో లోతుగా పూడి ఆంత్రసైట్ (అన్నిటికన్నా గట్టి బొగ్గు) దాకా వెళ్లింది. వయసు ఇంచుమించు ఒకటే, అనుభవించిన వేడి వేరు.

అర్ధరాత్రి_చదువరి
50 కోట్ల ఏళ్ల మట్టి ఇంకా మెత్తగా ఉందా?? ఇది నిద్ర పట్టనిచ్చేలా లేదు.

ఓపికలేనోడు
నీ పేరుకి తగ్గట్టే ఉంది.

తీరంమనిషి
దీనికి పూర్తి రివర్స్ కేసు ఉంది. ఉష్ణమండల తీరాల్లో బీచ్‌రాక్ అని ఉంటుంది. అలలు వచ్చి పోయే గీత దగ్గర, అప్పుడప్పుడు తడిసి అప్పుడప్పుడు ఆరే చోట, ఇసుకలోనే కార్బొనేటు స్ఫటికాలు పెరిగి గింజలని అతికించేస్తాయి. దీనికి కొన్ని దశాబ్దాలు చాలు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇనప సామాను, శీతల పానీయాల సీసాలు రాతిలో బిగుసుకుపోయి దొరికాయి. నేను చూసిన ఒక పలకలో సీసా అడుగు భాగం ఉంది. చుట్టూ గవ్వ ముక్కలు, ఇసుక, అన్నీ కలిసి ముద్దగా గట్టిపడి ఉన్నాయి. సీసాని పీకబోతే గాజు పగిలింది కానీ రాయి చెక్కు చెదరలేదు. లోతు లేదు, వేడి లేదు, పైన బరువు అసలే లేదు.

చిన్నడౌటు
గులకరాయి గారూ, దీనికి ఏమంటారు?

గులకరాయి
అది కార్బొనేటు. ఉపరితలం దగ్గరే సులువుగా పేరుకుంటుంది. నేను మాట్లాడుతున్నది సిలికా గురించి. అన్నిటికీ ఒకే సూత్రం పెట్టాలని చూస్తున్నది మీరు.

సుత్తిమాస్టారు
ఇది సరైన మాట.

సూటిప్రశ్న
ఒక సంగతి అడగనివ్వండి. దశాబ్దాల్లో రాయి తయారవుతుందని మీరే అంటున్నారు. మరి కోట్ల ఏళ్లు అని ఎలా నమ్మాలి? ఆ పొరలన్నీ ఒక పెద్ద వరదలో ఒకేసారి పడి గట్టిపడి ఉండొచ్చు కదా?

ఓపికలేనోడు
వచ్చిందండీ వరద. ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా.

లాజిక్‌లత
వెటకారం వద్దు, మంచి ప్రశ్న. గట్టిపడటానికి ఎంత సేపు పట్టింది, పడి ఎంత కాలమైంది, ఇవి రెండు వేరు లెక్కలు. నిన్న గట్టిపడ్డ రాయీ ఉంటుంది, 50 కోట్ల ఏళ్లకీ గట్టిపడని మట్టీ ఉంటుంది. గట్టిదనం చూసి ఎవరూ వయసు కట్టరు.

ఒకే వరద ఎందుకు కుదరదంటే, గ్రాండ్ కాన్యన్‌నే తీసుకోండి. అక్కడ కొకొనినో ఇసుకరాయి అని ఒక పొర ఉంది, ఎండిన ఎడారిలో గాలి పోసిన ఇసుక దిబ్బలు. ఏటవాలు పొరలు స్పష్టంగా కనబడతాయి, ఆ దిబ్బల మీద నడిచిన జంతువుల అడుగుజాడలు కూడా ఉన్నాయి. దాని కిందా సముద్రపు పొరలున్నాయి, దాని పైన కైబాబ్ సున్నపురాయి, అదీ సముద్రంలో పుట్టిందే. వరద నీటి అడుగున ఎడారి ఎలా వచ్చింది, దాని మీద జంతువు ఎలా నడిచింది?

సుత్తిమాస్టారు
దీనికి నేను ఎప్పుడూ చెప్పే చోటు స్కాట్లాండ్ తీరంలోని సిక్కర్ పాయింట్. స్కాట్లాండ్ భూశాస్త్రవేత్త జేమ్స్ హట్టన్ 1788లో పడవలో వెళ్లి చూశాడు. కింద బూడిద రంగు పొరలు దాదాపు నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి తలలు నరికేసినట్టు అరిగిపోయి, ఆ అరిగిన తలాన్ని కప్పుతూ ఎర్ర ఇసుకరాయి కాస్త వాలుగా పరుచుకుని ఉంది. ఇప్పుడు వరస చెప్పండి. మొదట కింది పొరలు సముద్రం అడుగున అడ్డంగా పడాలి. గట్టిపడాలి. భూమి కదిలి నిలబెట్టాలి. నీటి పైకి లేవాలి. అరగాలి. ఆ తర్వాతే ఎర్ర ఇసుక వచ్చి పడాలి. ఎర్ర రాయి అడుగున కింది రాతి ముక్కలు కోసుగా ఇరుక్కుని ఉన్నాయి. అంటే ఎర్ర ఇసుక వచ్చేటప్పటికే కిందది విరిగేంత గట్టి రాయి. రెంటి మధ్య ఖాళీ 6 కోట్ల ఏళ్లకు పైనే అని ఇప్పటి లెక్క. హట్టన్ దగ్గర ఏ లెక్కలూ లేవు, కళ్లతో చూసే చెప్పాడు.

సూటిప్రశ్న
సరే. ఆ కోట్ల లెక్క ఎలా వస్తుంది? ఇసుకరాయిలో ఏదో గింజ తీసి వయసు కడితే అది ఇసుక గింజ వయసు అవుతుంది కానీ రాయి వయసు కాదు కదా.

కోర్‌బాక్స్
సరిగ్గా పట్టారు, ఇది చాలామందికి తట్టదు. ఇసుకరాయిలోని జిర్కాన్ గింజల్లో యురేనియం, అది మెల్లగా మారి అయ్యే సీసం కొలిస్తే ఆ గింజ పుట్టిన అగ్నిశిల వయసు తెలుస్తుంది. ఇసుకరాయి వయసు దానికన్నా తక్కువే అని మాత్రం గట్టిగా చెప్పొచ్చు, ఎందుకంటే గింజ పుట్టాకే కదా దొర్లేది. కచ్చితమైన వయసు కావాలంటే పొరల మధ్య అగ్నిపర్వత బూడిద పొర దొరకాలి. బూడిద పేలుడు రోజునే పడుతుంది. కిందొక బూడిద, పైనొక బూడిద దొరికితే మధ్యలో ఉన్న రాయి వయసు రెంటి మధ్య చిక్కినట్టే. బూడిద లేని చోట శిలాజాలే దిక్కు.

సూటిప్రశ్న
ఇది బాగుంది. వరద గురించి తర్వాత మాట్లాడుకుందాం.

అర్ధరాత్రి_చదువరి
ఒక బేసిక్ ప్రశ్న. గ్రానైట్‌లో క్వార్ట్జ్ కన్నా ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజమే ఎక్కువ కదా. మరి గ్రానైట్ అరిగితే వచ్చే ఇసుకంతా క్వార్ట్జే ఎందుకు? ఫెల్డ్‌స్పార్ ఏమైంది?

సుత్తిమాస్టారు
మట్టయింది. వాన నీళ్లు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొంచెం ఆమ్లంగా ఉంటాయి. ఆ నీళ్లు తగిలితే ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమట్టిగా మారిపోతుంది, అందులోని సోడియం, పొటాషియం, కాల్షియం నీళ్లలో కలిసి సముద్రానికి పోతాయి. క్వార్ట్జ్‌ని ఆ నీళ్లు పెద్దగా ఏమీ చేయలేవు, మిగిలిపోతుంది. ప్రపంచంలోని అవక్షేప శిలల్లో సగం, ఇంకా ఎక్కువే, బురద నుంచి వచ్చినవి. ఆ బురదలో పెద్ద భాగం ఒకప్పుడు ఫెల్డ్‌స్పార్. ఫొటోల్లో ఎర్ర కొండలు చూసి అందరూ ఇసుకరాయి గురించే మాట్లాడతారు. షేల్‌ని పట్టించుకునే దిక్కు లేదు.

లాజిక్‌లత
ఫెల్డ్‌స్పార్ మట్టవ్వడానికి టైమ్ దొరక్కపోతే మిగిలిపోతుంది కూడా. ఆస్ట్రేలియాలోని ఉలురు అలాంటిదే. కొండల నుంచి కొట్టుకొచ్చిన ముక్కలు ఎక్కువ దూరం పోకుండా త్వరగా పూడిపోయాయి, అందుకే ఫెల్డ్‌స్పార్ దండిగా ఉంది. ఆర్కోజ్ అంటారు ఆ రకాన్ని. పైగా అక్కడి పొరలు దాదాపు నిట్టనిలువుగా ఉన్నాయి. 348 మీటర్ల ఎత్తు చూసి అదొక ఒంటరి బండ అనుకుంటారు. నిజానికి భూమి లోపలికి దిగిపోయిన పొరల దొంతరలో పైకి కనబడే కొస అది.

గులకరాయి
గింజ ఆకారం చూస్తే ప్రయాణం తెలుస్తుంది. కోసుగా ఉన్న పెద్ద ముక్కలు అతుక్కుంటే బ్రెక్సియా, పుట్టిన చోటికి దగ్గరే. గుండ్రటి గులకరాళ్లు అతుక్కుంటే కాంగ్లామరేట్, దొర్లి వచ్చినవి. నా పేరు అందుకే పెట్టుకున్నా, నేనూ చాలా దొర్లాను.

ఓపికలేనోడు
ఇంకా నునుపు రాలేదు మరి.

గులకరాయి
:D

తీరంమనిషి
మీరంతా నది, ఇసుక, బురద దగ్గరే తిరుగుతున్నారు. సున్నపురాయి సంగతేంటి? దానికి నది మోసుకొచ్చిన ముక్కలు అక్కర్లేదు. ఇంకా చెప్పాలంటే బురద వస్తే పగడాలు చస్తాయి. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం కార్బొనేటుని జీవులే లాక్కుని గవ్వలుగా, పెంకులుగా కట్టుకుంటాయి. చచ్చాక ఆ పెంకులే పేరుకుంటాయి. ఇంగ్లండ్‌లోని డోవర్ తెల్ల కొండలు చూశారా, ఆ సుద్ద అంతా కొకోలిథోఫోర్ అనే ఏకకణ నాచు ఒంటి మీది పలకలు. ఒక్కో పలక సాధారణంగా మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. వంద మీటర్ల గోడ మొత్తం అదే.

చిన్నడౌటు
అంటే సముద్రం అడుగంతా సున్నపురాయి అవ్వాలి కదా. అవ్వట్లేదా?

తీరంమనిషి
అవ్వదు. లోతుకి పోయేకొద్దీ నీళ్లు చల్లబడి, ఒత్తిడి పెరిగి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై పెంకుల్ని కరిగించేస్తాయి. సుమారు 4, 5 కి.మీ. లోతు దాటితే పై నుంచి రాలిన పెంకులు పేరుకునేలోపే మాయం. అక్కడ అడుగున మిగిలేది సన్నటి ఎర్ర బంకమట్టి. అది పేరుకునే వేగం వెయ్యేళ్లకి ఒక మిల్లీమీటరు లెక్కన ఉంటుంది.

అర్ధరాత్రి_చదువరి
వెయ్యేళ్లకి ఒక మిల్లీమీటరా. నా చదువు కూడా ఆ స్పీడులోనే సాగుతోంది.

కోర్‌బాక్స్
అన్నీ అంత నెమ్మది కాదు. 1929 నవంబరులో కెనడా దగ్గర గ్రాండ్ బ్యాంక్స్‌లో భూకంపం వచ్చింది. సముద్రం అడుగున ఉన్న టెలిగ్రాఫ్ కేబుళ్లు కొన్ని అప్పుడే తెగాయి. విచిత్రం ఏంటంటే, మిగతావి ఇంకా లోతుగా, ఇంకా దూరంగా ఉన్నవి, ఒకదాని తర్వాత ఒకటి వరసగా తెగుతూ పోయాయి. చివరిది 13 గంటల తర్వాత తెగింది. భూకంపమే తెంపితే అన్నీ ఒకేసారి తెగాలి. 1952లో హీజెన్, యూయింగ్ అనే ఇద్దరు దీని గుట్టు విప్పారు. వాలు మీది బురదా ఇసుకా కూలి, నీళ్లతో కలిసి బరువైన ప్రవాహమై సముద్రం అడుగున పరిగెత్తింది. కేబుల్ కంపెనీల దగ్గర ఏది ఏ నిమిషాన తెగిందో రికార్డు ఉంది కాబట్టి వేగం కూడా లెక్క కట్టగలిగారు. గంటకి 60 కి.మీ. దాటింది.

ఇలాంటి ప్రవాహం నెమ్మదించినప్పుడు ముందు బరువైన ముతక గింజలు దిగుతాయి, తర్వాత సన్న ఇసుక, చివర్లో బురద. కాబట్టి ఒక్కో పొరలో అడుగున ముతక, పైకి పోయేకొద్దీ సన్నం. దాని మీద చాలా కాలం ప్రశాంతంగా బంకమట్టి రాలుతుంది, మళ్లీ ఒకటి వచ్చి పడుతుంది. కొన్ని గంటల్లో పడ్డ జానెడు పొర, దాని మీద వందల ఏళ్లకి పడ్డ వేలెడు పొర. కోర్ (డ్రిల్లింగ్ రాతి కడ్డీల) పెట్టెలో అవి పక్కపక్కనే ఉంటాయి. పొర మందం చూసి కాలం అంచనా వేయకూడదు అని కొత్తగా చేరినవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే.

సుత్తిమాస్టారు
ముతక అడుగు, సన్నం పైన అన్నది ఇంకో పనికీ వస్తుంది. పొరలు మడతపడి తలకిందులైన చోట సన్నం కిందికి వస్తుంది. పాత పొర కిందా కొత్తది పైనా అని 1669లో డెన్మార్క్ శాస్త్రవేత్త స్టెనో చెప్పిన సూత్రం అలాంటి చోట గుడ్డిగా వాడితే కొంప మునుగుతుంది. ముందు ఏది పైనో తేల్చుకోవాలి.

లాజిక్‌లత
బంగాళాఖాతం అడుగున ఉన్న ఫ్యాన్ (విసనకర్రలా పరుచుకున్న మట్టి మేట) కూడా ఇలా పేరుకున్నదే. గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిన హిమాలయాల మట్టి దాదాపు 3,000 కి.మీ. పొడవున పరుచుకుని ఉంది, కొన్ని చోట్ల మందం 16 కి.మీ. పైనే. అటు ఎవరెస్ట్ శిఖరం మీద ఉన్నదేమో సున్నపురాయి. అందులో ట్రైలోబైట్లు, సముద్రపు లిల్లీలు అనే సముద్ర జంతువుల తునకలు ఉన్నాయి. అంటే 40 కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు అడుగు ఇప్పుడు 8,849 మీటర్ల ఎత్తున ఉండి, అరిగి, మళ్లీ సముద్రం అడుగుకే పోతోంది.

సూటిప్రశ్న
శిఖరం మీద గవ్వలు చూసే పూర్వం వరద అన్నారేమో.

లాజిక్‌లత
అన్నవాళ్లు ఉన్నారు. కానీ వరద గవ్వల్ని పైకి తేవాలంటే గుట్టలుగా పోయాలి. ఇక్కడ అవి రాతిలో పొరలతో పాటే పెరిగి, పొరలతో పాటే మడతపడి ఉన్నాయి.

చిన్నడౌటు
రాతి ఉప్పు కూడా అవక్షేప శిలే అంటారు కదా. దానికి సిమెంటూ అక్కర్లేదు, బరువూ అక్కర్లేదు. ఎండితే చాలా?

కోర్‌బాక్స్
ఎండితే చాలు, కానీ వరస ఉంది. సముద్రపు నీటిలో లీటరుకి 35 గ్రాముల లవణాలు. నీళ్లు ఐదో వంతుకి తగ్గేసరికి జిప్సం పడటం మొదలవుతుంది, పదో వంతుకి తగ్గితే ఉప్పు. జిప్సం కన్నా ముందే కొంచెం కార్బొనేటు పడుతుంది. అందుకే కోర్‌లో కింది నుంచి పైకి అదే వరస కనబడితే ఏదో సముద్రం ఎండిపోతోందని అర్థం.

1970లో గ్లోమర్ చాలెంజర్ అనే ఓడ మధ్యధరా సముద్రం అడుగున తవ్వితే జిప్సం, ఉప్పు వచ్చాయి. సుమారు 60 లక్షల ఏళ్ల కిందట అట్లాంటిక్‌తో దారి మూసుకుపోయి ఆ సముద్రం చాలావరకు ఎండిపోయింది. 53 లక్షల ఏళ్ల కిందట మళ్లీ నిండింది.

గులకరాయి
లెక్క కుదరట్లేదే. కిలోమీటరు లోతు నీళ్లు ఎండితే ఉప్పు 15 మీటర్లో ఎంతో వస్తుంది. మధ్యధరా కింద ఉప్పు కొన్ని చోట్ల కిలోమీటరు దాటి ఉందంటారు.

కోర్‌బాక్స్
అందుకే ఒక్కసారి ఎండితే సరిపోదు. కొత్త నీళ్లు వస్తూ ఉండాలి, ఆవిరవుతూ ఉండాలి. పూర్తిగా ఎన్నిసార్లు ఎండింది, అసలు పూర్తిగా ఎండిందా, లేక లోతుగానే ఉండి చిక్కబడిందా అని ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

ఓపికలేనోడు
మన థ్రెడ్ లాగే.

నీలిమేఘం
పాత పోస్టులన్నీ చదివా. చిన్న ప్రాక్టికల్ డౌటు. చేతిలో రాయి ఉంది, ఇసుకరాయో, అది వేడికీ ఒత్తిడికీ మారితే వచ్చే క్వార్ట్జైటో తెలియట్లేదు. రెండూ ఇసుకే కదా మొదట. ఎలా చెప్పాలి?

సుత్తిమాస్టారు
పగలగొట్టి కొత్తగా తెరుచుకున్న ముఖం చూడండి. పాత ముఖం మోసం చేస్తుంది, ఎండకీ వానకీ రంగు మారి ఉంటుంది. ఇసుకరాయి పగులు మామూలుగా గింజల చుట్టూ తిరిగి పోతుంది, సిమెంటు దగ్గర ఊడుతుంది కాబట్టి. వేలితో రాస్తే గరగరలాడుతుంది, గింజలు విడివిడిగా తెలుస్తాయి. క్వార్ట్జైట్ అయితే పగులు గింజల్లోంచే దూసుకుపోతుంది. ముఖం నునుపుగా, గాజు పగిలినట్టు మెరుస్తుంది. ఒక నీటి చుక్క కూడా వేసి చూడండి. ఖాళీలున్న ఇసుకరాయి చుక్కని పీల్చేసుకుంటుంది, క్వార్ట్జైట్ మీద అలాగే నిలబడుతుంది.

కోర్‌బాక్స్
సిలికా బాగా పట్టిన ఇసుకరాయి కూడా గింజల్లోంచే పగులుతుంది, చుక్కనీ పీల్చదు. అక్కడ చేతి పరీక్ష సరిపోదు, నా మైక్రోస్కోపుకి పని పడుతుంది.

సుత్తిమాస్టారు
అవును, ఆ కేసుల్లో ఫీల్డులో నేనూ ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తా.

నీలిమేఘం
పగలగొట్టా. నీటి చుక్క నిమిషం కూడా లేదు, లోపలికి పోయింది. గింజలు కూడా కనబడుతున్నాయి, మధ్యమధ్యలో ఏవో తళుకు రేకులు.

గులకరాయి
తళుకులు అభ్రకం అయ్యుండాలి. ఇసుకరాయే. గాలి పోసిన దిబ్బల్లో అభ్రకం మిగలడం అరుదు, గింజలు గుద్దుకుని పిండైపోతుంది. మీది నీళ్లలో పడ్డ ఇసుక కావడానికే ఎక్కువ అవకాశం.

నీలిమేఘం
అదెలా ఒక్క ఫొటో కూడా చూడకుండా చెప్పేశారు! సరే, లెన్స్ కొందామనుకుంటున్నా. 10 రెట్లదా, 20 రెట్లదా?

కోర్‌బాక్స్
10 చాలు. 20 అయితే చూపు ఆనే చోటు మరీ చిన్నది, వెలుతురు తక్కువ, ఫోకస్ నిలవదు. లెన్స్‌ని కంటికి ఆనించి పెట్టి, రాయిని దాని దగ్గరికి తీసుకురండి. చాలామంది లెన్స్‌ని రాయి మీద పెట్టి దూరం నుంచి చూస్తారు.

ఓపికలేనోడు
తాడు కట్టి మెళ్లో వేసుకోండి. లేకపోతే రెండో రోజే పోతుంది.